వార్షిక నివేదిక: పాత మాస్సీకి నెమ్మది నేర్పిన సంవత్సరం

సభ్యులందరికీ నమస్కారం.

విత్తనాల కొనుగోలు, స్ప్రేయర్ల రిపేరు, గోడౌను పైకప్పు పనులు ఎప్పటిలాగే జరిగాయి. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు షెడ్డులోని మాస్సీ ఫెర్గూసన్ 1035 ట్రాక్టరుకే ఇస్తున్నాను. సమావేశంలో అందరూ గొంతు చించుకున్నది దాని గురించే కదా!

చీనీ తోటల్లో డ్రిప్ పైపులు పూడ్చడానికి తీసుకున్న చైన్ ట్రెంచర్ (ట్రాక్టరు వెనక తగిలించి చైన్‌తో కాలవ తవ్వే పనిముట్టు) ఆరంభంలోనే మొండికేసింది. చైన్ మట్టిని కోయాలంటే వెనక పీటీఓ (ఇంజన్ బలంతో పనిముట్లను తిప్పే షాఫ్టు) 540 ఆర్‌పీఎంలో, అంటే నిమిషానికి 540 చుట్లు తిరగాలి. దానికి ఇంజన్ 1500 దాటాలి. ఆ వేగంలో లో ఫస్ట్ గేరు వేసినా బండి గంటకు రెండు కిలోమీటర్లు పోతుంది, అంటే నిమిషానికి 33 మీటర్లు. అంత వేగంగా ఎర్రనేలను ఏ చైనూ కోయలేదు. రేస్ తగ్గిస్తే చైన్ నీరసపడుతుంది. హాఫ్ క్లచ్‌లో నడిపితే ప్లేటు మాడుతుంది. ఒక పూట వాసన చూశాక ఆ ప్రయత్నం మానుకున్నాం. చిన్న టైర్లు వేస్తే సరిపోతుందన్న సభ్యుడికి చెప్పేది ఒకటే: వేగం నాలుగో వంతు కావాలంటే టైరు కూడా నాలుగో వంతే ఉండాలి.

చివరికి లేత్ షాపు మేస్త్రీతో కలిసి గేర్‌బాక్సుకీ వెనక హౌసింగుకీ మధ్య వేగం తగ్గించే ఒక రిడక్షన్ గేరు పెట్టించాం, దీన్నే క్రీపర్ గేరు అంటున్నాం. లోపల 24 పళ్ల సన్ గేరు, దాని చుట్టూ 24 పళ్ల ప్లానెట్ గేర్లు మూడు, బయట కదలకుండా బిగించిన 72 పళ్ల రింగు. సన్ నాలుగు చుట్లు తిరిగితే ప్లానెట్ల క్యారియరు ఒక్క చుట్టు తిరుగుతుంది. ఇదేమీ మనం కనిపెట్టింది కాదు, ఈ బండి హై-లో గేరూ ఇలాంటిదే. అసలు తంటా పీటీఓ షాఫ్టుతో వచ్చింది. దాన్ని రిడక్షన్‌తో కలపకుండా పక్కనుంచే పొడవు పెంచి తీసుకెళ్లాలి, లేకపోతే చైన్ వేగమూ నాలుగో వంతుకు పడిపోతుంది. మాస్సీలో హైడ్రాలిక్ పంపును తిప్పేదీ ఆ షాఫ్టే కాబట్టి లిఫ్టూ నీరసించేది.

టేపు పరిచి కొలిచాం. పది మీటర్లకు ఇదివరకు 18 సెకన్లు, ఇప్పుడు 72. అయినా గట్టి నేలలో రెండడుగుల లోతు ఒకే దెబ్బకు తెగలేదు. మొదట అడుగు, మళ్లీ అడుగు చొప్పున రెండుసార్లు నడుపుతున్నాం.

ఇక మీరంతా అడుగుతున్న, విరిగిన హాఫ్ షాఫ్టు (వెనక చక్రాన్ని తిప్పే ఇరుసు) సంగతి. బురదలో దిగబడిన ట్రాలీని క్రీపర్ గేరులో లాగబోయారు. ఎవరని ఇక్కడ రాయను, ఆయనకే బాగా సిగ్గుగా ఉంది. వేగం నాలుగో వంతు అయినప్పుడు చక్రం మీద పడే బలం దాదాపు నాలుగింతలవుతుంది. మామూలుగా టైరు జారి షాఫ్టును కాపాడుతుంది. ఆ రోజు పట్టు కోసం టైర్లలో నీళ్లు నింపి ఉన్నాయి, ట్రాలీ బరువు కూడా హుక్కు మీదే ఉంది. టైరు జారలేదు, షాఫ్టు విరిగింది. క్రీపర్ లాగుడు గేరు కాదు, దున్నడానికీ పనికిరాదు. అప్పటి నుంచి దాని లివరుకు తాళం వేశాం, చెవి షెడ్డు ఇన్‌చార్జి దగ్గరే ఉంటుంది.

డ్రైవర్లకు ఒక మాట. క్రీపర్‌లో ఉన్నప్పుడు బ్రేకును నమ్ముకోవద్దు, ఇంజనే నెగ్గుతుంది. ముందు క్లచ్ తొక్కండి. మన బండికి డ్యూయల్ క్లచ్ కాబట్టి సగం తొక్కితే బండి మాత్రమే ఆగుతుంది, చైన్ తిరుగుతూనే ఉంటుంది. కాలవలో చెయ్యి పెట్టాలంటే పూర్తిగా తొక్కి, పీటీఓ తీసి, ఇంజన్ ఆపాకే.

కొత్త హౌసింగు కింద ఆయిల్ సీలు కొద్దిగా కారుతోంది, వానలకు ముందే మార్పిస్తాం. ట్రెంచర్ అద్దె గంటకా, మీటరుకా అన్నది తేలలేదు. బండి నెమ్మదిగా పోతుంది కాబట్టి గంట లెక్క రైతుకు నష్టమని నా అభిప్రాయం. వచ్చే సమావేశంలో ఓటుకు పెడతాం.

ఇట్లు,
కార్యదర్శి