ఆయిల్ దీపం విషయంలో ఆదుకున్న ముగ్గురికీ కృతజ్ఞతలు

సుజుకీ డీఎఫ్ 60ఏ ఔట్‌బోర్డు (బోటు వెనక తగిలించే ఇంజిను), మీటరులో ఆయిల్ బొమ్మ ఎర్రగా మినుకుతోంది, తాళం తిప్పగానే జంట కూతలు కూస్తోంది, ఏం చెయ్యాలి అని ఆదివారం పొద్దున అడిగాం. మధ్యాహ్నానికల్లా విషయం తేలింది. సాయంత్రానికి బోటు ప్రకాశం బ్యారేజీ ఎగువన మళ్లీ నీళ్లలో ఉంది. ఫోనులోనే గంటసేపు ఓపిగ్గా చెప్పిన కాకినాడ మెకానిక్ అన్నకీ, రెస్క్యూ టీములో ఓబీఎంలు, అంటే ఇలాంటి ఔట్‌బోర్డు ఇంజిన్లు, చూసుకునే తమ్ముడికీ, మాన్యువల్ పేజీ ఫొటో తీసి పంపిన చెన్నై అక్కకీ మా బోటు జట్టంతా రుణపడి ఉంది. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ఉత్తి థాంక్స్ చెప్పి ఊరుకుంటే వచ్చే నెల ఇంకొకరు ఇదే ప్రశ్న అడుగుతారు. అందుకని వాళ్లు చెప్పిందీ, చేస్తుంటే తెలిసిందీ కలిపి ఇక్కడ పెడుతున్నాం.

మెకానిక్ అన్న అడిగిన మొదటి మాట: "మినుకుతోందా, నిలబడి వెలుగుతోందా?" అసలు సంగతంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. బొమ్మ ఒకటే, అర్థాలు రెండు. దీపం ఆగకుండా వెలిగి, బజర్ కూడా ఆపకుండా మోగి, ఇంజిను వేగం దానంతటదే పడిపోతే ఆయిల్ ప్రెషర్ లేదని. అప్పుడు ఒడ్డుదాకా పోదాంలే అనుకోకూడదు. బోటు నిలకడగా ఉండే చోట వెంటనే ఇంజిను ఆపి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూపే పుల్ల) చూడాలి. మినుకుతుంటే మాత్రం అది గుర్తు చెయ్యడమే: ఆయిల్ మార్చే గంటలు నిండాయి అని. ఇంజిను ఆగి తాళం ఆన్‌లో ఉన్నప్పుడు దీపంతో పాటు జంట కూతలు వినిపిస్తాయి. ఇంజిను నడుస్తుంటే దీపం మినుకుతుందంతే, కూత ఉండదు. తాళం తిప్పగానే దీపాలన్నీ ఒక రెండు సెకన్లు వెలిగి ఆరడం మామూలు పరీక్ష, దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

కొత్త ఇంజినుకి మొదటి మినుకు 20 గంటలకి వస్తుంది. కొత్త భాగాలు ఒకదానికొకటి ఒరుసుకుని ఇనప రజను ఆయిల్లో దిగేది అప్పుడే, అందుకే అంత తొందర. తర్వాతది ఇంకో 80 గంటలకి, అక్కణ్ణించి ప్రతి 100 గంటలకి. ఆయిల్ నల్లబడిందా, తగ్గిందా, అసలు మార్చారా అన్నది ఈ దీపానికి తెలీదు. దానికి తెలిసింది గంటల లెక్క ఒక్కటే. ఆయిల్ మార్చినా మనం చేత్తో రద్దు చేసేదాకా మినుకుతూనే ఉంటుంది, మార్చకుండా రద్దు చేసినా నోరు మూసుకుంటుంది. ముందు లైటు ఆర్పేసి ఆయిల్ తర్వాత చూసుకోండి అని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. మెకానిక్ అన్న ఒప్పుకోలేదు. ఆర్పాక ఎవరూ మార్చరు అన్నాడు, నిజమే. బ్యాటరీ వైరు పీకితే పోతుందన్నారు ఇంకొకరు. పోదు, గంటల లెక్క ఇంజిను కంప్యూటర్‌లో ఉంటుంది.

ఆయిల్ సంగతి. ఈ ఇంజినుకి ఆయిల్ ఒక్కటే మారిస్తే 2.5 లీటర్లు, ఫిల్టరు కూడా మారిస్తే 2.7 లీటర్లు. గ్రేడు 10డబ్ల్యూ-40, డబ్బా మీద ఎఫ్‌సీ-డబ్ల్యూ అన్న గుర్తు చూసి తీసుకోండి. ఫోర్ స్ట్రోక్ బోటు ఇంజిన్ల కోసం తుప్పు, నురగ పరీక్షలు దాటిన ఆయిల్ అని దానర్థం. బైకుల్లో పోసేది తడి క్లచ్చి కోసం చేసింది. ఇక్కడ క్లచ్చీ లేదు, దానితో పనీ లేదు.

ఇంజిను కాస్త వేడిగా ఉండగా, నిటారుగా నిలబెట్టి పాత ఆయిల్ దించాలి. వేడెక్కించడానికి నడిపేటప్పుడు ఇంజిను కాలు (ఫ్యాను ఉండే కింది భాగం) నీళ్లలో ఉండాలి, లేదా నీళ్లు తీసుకునే రంధ్రాల మీద రబ్బరు కప్పులు తగిలించి పైపు నీళ్లు వదలాలి. ఉత్తినే తిప్పితే వాటర్ పంపులో నీళ్లు తోసే రబ్బరు రెక్కల చక్రం, ఇంపెల్లర్, కాలిపోతుంది, 2.7 లీటర్ల ఆయిల్ పని కాస్తా పంపు పని అవుతుంది. పైన ఆయిల్ పోసే మూత తీశాకే కింద డ్రెయిన్ నట్టు విప్పండి, గాలి ఆడి త్వరగా దిగుతుంది. ధార కాలు వెంట జారి నీళ్లలో పడకుండా వాటర్ బాటిల్ నిలువుగా కోసి దోనెలా కట్టమని అక్క ఫొటోలో గీసి మరీ పంపింది. ఆ చిట్కాకి విడిగా ఒక దండం.

దిగిన ఆయిల్‌ని పారబొయ్యకండి, ముందు చూడండి. మాది నల్లగా, పల్చగా, వేళ్ల మధ్య రుద్దితే నున్నగా ఉంది, గరుకు లేదు. పాలకాఫీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టు. పెట్రోలు వాసన కొడుతూ డిప్‌స్టిక్ మీద మట్టం పెరిగి ఉంటే ఇంజిను వేడెక్కకుండానే నడుస్తోందన్నమాట. గంటల తరబడి స్లోలో తిప్పినా, ఇంజిను వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయినా ఇలా అవుతుంది. ఆయిల్ పెరిగింది కదా అని సంతోషించేవాళ్లున్నారు, అసలు భయపడాల్సింది అప్పుడే.

ఫిల్టరు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. పాతది విప్పాక దాని రబ్బరు రింగు ఫిల్టరుతో పాటు వచ్చిందా, ఇంజినుకే అతుక్కుని ఉందా అని వేలు పెట్టి తడిమి చూడాలి. అక్కడ ఉండిపోతే, దాని మీద కొత్త రింగు కూర్చుంటే, స్టార్ట్ చేసిన కాసేపటికే ఆయిల్ చిమ్ముతుంది. అప్పుడు వెలిగేది మినుకు దీపం కాదు, నిలబడి వెలిగేదే. డ్రెయిన్ నట్టు వాషరుకీ ఇదే జాగ్రత్త: పాతది తీసెయ్యాలి, కొత్తది ఒక్కటే వెయ్యాలి. కొత్త ఫిల్టరు రింగుకి కొంచెం ఆయిల్ రాసి, చేత్తో తిప్పి, రింగు తగిలాక ముప్పావు చుట్టు బిగించాలి. డ్రెయిన్ నట్టు మీద మాత్రం బలం చూపించొద్దు, మరలు అల్యూమినియంలో ఉన్నాయి.

2.5 లీటర్లు పోసి ఆగి, కాసేపు నడిపి, ఆపి, ఐదు నిమిషాలు ఆగి నిటారుగా ఉన్నప్పుడే డిప్‌స్టిక్ చూడండి. ఇంజిను వంచి ఉంచి, అప్పుడే నిటారు చేసి చూస్తే మట్టం తప్పు చూపిస్తుంది. మిగిలింది కొంచెం కొంచెంగా పోసుకోవాలి. ఎక్కువైతే నురగ కట్టి, గాలి దారిలోకి ఎక్కుతుంది.

ఇక దీపం ఆర్పడం. తాళం ఆన్‌లో పెట్టండి, స్టార్టు దాకా తిప్పొద్దు. ఇంజినుని చటుక్కున ఆపే కిల్ స్విచ్ కింద ఉండే ఎర్ర తాడు క్లిప్పు లాగెయ్యండి. ఆ స్విచ్ గుండీని బయటికి మూడుసార్లు లాగండి, పది సెకన్ల లోపు. ఒక చిన్న బీప్ వినిపిస్తే రద్దయినట్టు. తాళం ఆఫ్ చేసి క్లిప్పు మళ్లీ పెట్టెయ్యండి. మేం మొదటి రెండుసార్లు గుండీని లోపలికి నొక్కాం, ఏమీ కాలేదు. "నొక్కడం కాదన్నా, లాగడం" అని తమ్ముడు వీడియో కాల్‌లో చూపించాకే బీప్ వచ్చింది. క్లిప్పు పెట్టడం మర్చిపోతే ఇంజిను అందుకోదు, అప్పుడు కొత్త సమస్య వచ్చిందని ఇంకో గంట పోతుంది.

దీపం రాకముందే ఆయిల్ మార్చినా ఈ రద్దు చెయ్యాలి, లేకపోతే లెక్క పాతదే నడుస్తుంది.

పనిలో పనిగా ఇంజిను కాలి అడుగున ఫ్యాను తిప్పే గేర్ల ఆయిల్ కూడా చూడమన్నారు, దాన్ని ఏ దీపమూ గుర్తు చెయ్యదు. కింది స్క్రూ, ఆ తర్వాత పై స్క్రూ తీసి దించాలి. ఎస్‌ఏఈ 90 హైపాయిడ్ గేర్ ఆయిల్ కింది రంధ్రం నుంచే ఎక్కించాలి, పై రంధ్రంలోంచి వచ్చేదాకా. ముందు పై స్క్రూ బిగించి, ఆ తర్వాతే ట్యూబు తీసి కిందిది బిగించాలి. పాలలా దిగితే ఫ్యాను వెనక షాఫ్టుకి వల దారం చుట్టుకుని సీలు కోసిందేమో చూడండి. మాది శుభ్రంగానే ఉంది గానీ, ఫ్యాను విప్పితే బెత్తెడు నైలాన్ దారం దొరికింది. తమ్ముడు చెప్పకపోతే విప్పేవాళ్లం కాదు.

పాత ఆయిల్ డబ్బాకెత్తి వర్క్‌షాపుకి ఇచ్చేశాం, నదిలో ఒక్క చుక్క పడలేదు. కొత్త ఆయిల్ మూడు వందల మిల్లీలీటర్లు, వాషర్లు రెండు, ఫిల్టరు రెంచి మా దగ్గరే ఉన్నాయి. కృష్ణ మీద బోటు నడిపేవాళ్లు ఎవరికి కావాలన్నా మొహమాటపడకుండా అడగండి.