పదిహేను రూపాయల ఫ్యూజు, పంతొమ్మిది రోజుల తిప్పలు

విజయవాడ,
జూలై 31.

కస్టమర్ కేర్ విభాగం అధికారి గారికి,

అయ్యా,

ఇది నా నాలుగో ఫిర్యాదు. మొదటి మూడూ పరిష్కారమైపోయాయని మీరే మెసేజీలు పంపారు. ఏం పరిష్కరించారో నాక్కూడా చెబితే సంతోషిస్తాను.

జూలై 12 రాత్రి హైదరాబాద్ నుంచి వస్తుంటే, సూర్యాపేట దాటాక జడివానలో మీ కంపెనీ కారు వైపర్లు ఆగిపోయాయి. వెనక సీట్లో మనవరాలు నిద్రపోతోంది. అద్దం మీద నీళ్లు తప్ప ఏమీ కనపడటం లేదు. ఎలాగో ఒక దాబా ముందు ఆపి మీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాను. తెలుగు కావాలంటే 4 నొక్కమన్నారు. నొక్కితే హిందీలో పలికారు. అంతకుముందు ఇరవై రెండు నిమిషాలు "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అని ఒకటే పాట. అంత ముఖ్యమైతే ఎత్తొచ్చు కదండీ!

ఎత్తిన అమ్మాయి ఛాసిస్ నంబరు అడిగింది. మా ఆవిడ తన ఫోన్ లైటు పట్టుకుంటే ఆర్‌సీ చూసి పదిహేడు అక్షరాల్లో పదిహేను చదివాను. లైన్ కట్. రెండోసారి ఇంకొకాయన, మళ్లీ మొదట్నుంచి. మూడోసారి పలికినాయన అంతా విని, "సూర్యాపేట ఏ స్టేట్‌లో ఉంది సర్?" అన్నాడు. నలభై ఐదు నిమిషాల్లో మెకానిక్ వస్తాడని మెసేజ్ వచ్చింది. రెండు గంటలు చూశాం. మెకానిక్ రాలేదు గానీ, మెకానిక్ సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారని ఇంకో మెసేజ్ వచ్చింది.

చివరికి దాబా దగ్గర ఆగిన లారీ క్లీనర్ కుర్రాడు స్టీరింగ్ కింద మూత తీసి, దాని వెనకున్న బొమ్మ చూసి, కాలిన ఫ్యూజు లాగాడు. "ఇక్కడ పసుపుది, 20 ఆంపియర్లది ఉండాలి సార్. ఎవరో ఎర్రది, 10 ఆంపియర్లది పెట్టారు. చిరుజల్లుకి తట్టుకుంది, ఇంత వానకి కాలిపోయింది" అన్నాడు. పెట్టెలోనే స్పేరు పసుపు ఫ్యూజు ఉంటే బిగించి, టీ తాగి వెళ్లిపోయాడు. అతనికి స్టార్లు ఎక్కడ ఇవ్వాలో మాత్రం మీరు చెప్పలేదు.

ఆ ప్రయాణానికి తొమ్మిది రోజుల ముందే మీ అధీకృత సర్వీస్ సెంటర్లో కారు సర్వీసింగ్ చేయించాను. నేనడిగింది ఒక్కటే: ఆ ఎర్ర ఫ్యూజు ఎవరు పెట్టారు? సర్వీస్ అడ్వైజర్, కారుకి చేసిన పనులు రాసే చీటీ చూసి, "జాబ్ కార్డులో లేదు సార్" అన్నాడు. మేనేజర్ మీటింగులో ఉన్నారు. మర్నాడూ మీటింగే. ఆ మర్నాడు సెలవు. టోల్‌ఫ్రీవాళ్లు సర్వీస్ సెంటర్‌ని అడగమంటారు, సర్వీస్ సెంటర్ వాళ్లు టోల్‌ఫ్రీకి చేయమంటారు. మెయిల్ పెడితే "ఫ్యూజులు వారంటీలోకి రావు" అని జవాబు. నేను ఫ్యూజు అడిగానా? అది పదిహేను రూపాయలు! కావాలంటే మీకే ఒక డజను కొనిస్తాను.

నేను బ్యాంకు కౌంటర్లో 31 ఏళ్లు కూర్చున్నవాణ్ణి. "రేపు రండి" అని నేనూ అన్నాను, దాచను. కానీ మర్నాడు వచ్చినాయన్ని "మీరెవరు?" అని అడగలేదు.

1998 నుంచి మీ కంపెనీ కార్లే నడుపుతున్నాను. ఇది మూడోది. మా అల్లుడు వేరే కారు కొంటానంటే వారం రోజులు పోట్లాడి మీదే కొనిపించాను. ఇప్పుడతను ఏమీ అనడు, నన్ను చూసి నవ్వుతాడంతే. మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు దసరాకి కారు కొనబోతున్నారు. సలహాకి నా దగ్గరికే వస్తారు.

పదిహేను రోజుల్లో మీలో పేరూ హోదా ఉన్న మనిషి ఒకరు, తెలుగులో, నాకు సమాధానం రాయాలి. ఆ వానలో జరగరానిది జరిగి ఉంటే జాబ్ కార్డు ఏం చెప్పేదో అదీ రాయండి. లేకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళతాను. అప్పటికీ పలక్కపోతే కారు తెచ్చి మీ షోరూం ఎదురుగా పెట్టి, ఈ ఉత్తరం పెద్దక్షరాల్లో ఫ్లెక్సీ కట్టిస్తాను. రిటైరయ్యాను, నాకు తీరికే.

స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అందినట్టు మీవాళ్లే సంతకం పెడతారు కాబట్టి, సిస్టమ్‌లో లేదనడం ఈసారి కుదరదు.

ఇట్లు,
మీ పాత కస్టమర్

జతపరచినవి: మూడు ఫిర్యాదుల నంబర్లు, సర్వీసింగ్ బిల్లు, కాలిన ఎర్ర ఫ్యూజు ఫోటో. ఫ్యూజు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను, కమిషన్‌లో చూపించాలి కదా.