సురంజన్ దాస్ ఎవరో ఆ రోడ్డు మీదైనా చెప్పండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. సురంజన్ దాస్ రోడ్డులో గుంతలు, ట్రాఫిక్ జామ్‌ల గురించి మీ బెంగళూరు పేజీలో వచ్చిన వార్త చదివాను. గుంతలు ఎలాగూ కార్పొరేషన్ వాళ్లకి తీరికైనప్పుడే పూడతాయి. నేను రాస్తున్నది ఆ పేరు గురించి. తిప్పసంద్ర పీజీల్లో ఉంటూ ఏరోనాటికల్ ఇంజినీరింగ్ చదివే మన తెలుగు పిల్లల్ని సురంజన్ దాస్ ఎవరని అడిగి చూశాను. ఒకబ్బాయి స్వాతంత్ర్య సమరయోధుడన్నాడు. ఇంకొకడు బెంగాల్ ముఖ్యమంత్రి అయ్యుంటాడన్నాడు. వాళ్లననడానికి లేదు. బోర్డు మీద పేరు తప్ప ఇంకో ముక్క ఉంటే కదా!

గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్ వైమానిక దళం మనిషి, విమానాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ హిందుస్తాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్)లో చీఫ్ టెస్ట్ పైలట్. తండ్రి సుధీరంజన్ దాస్ 1956 నుంచి 1959 దాకా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి. ఆ ఇంటి పెద్దకొడుకు నల్లకోటు వేసుకుంటే ఎవరూ ఎందుకని అడిగేవారు కాదు. ఈయన ఇంగ్లండ్‌లోని ఎంపైర్ టెస్ట్ పైలట్స్ స్కూల్లో శిక్షణ పొంది వచ్చి, అప్పటిదాకా గాల్లోకి లేవని విమానాల్లో కూర్చునే పని ఎంచుకున్నారు.

టెస్ట్ పైలట్ అనగానే గాల్లో పల్టీలు కొట్టే మనిషి గుర్తొస్తాడు. నిజానికి అది సగం ఇంజినీరు ఉద్యోగం. ఫలానా ఎత్తులో, ఫలానా వేగంతో స్టిక్ ఇంత లాగితే ముక్కు ఎంత లేచింది, ఎక్కడ వణుకు మొదలైంది అని చూసుకోవాలి. మోకాలికి కట్టుకున్న ప్యాడ్ మీద రాసుకోవాలి. కిందికి దిగాక డిజైనర్లకు వాళ్ల భాషలో చెప్పాలి. ‘ఏదో తేడాగా ఉంది సార్’ అంటే కుదరదు.

మారుత్ కథే చూడండి. మన దేశంలో రూపొందిన మొదటి జెట్ ఫైటర్ అది. జర్మన్ డిజైనర్ కర్ట్ టాంక్ 1956లో బెంగళూరు వచ్చి హెచ్‌ఏఎల్‌లో ఆ పని చేపట్టాడు. ముందు అసలు విమానం సైజులోనే ఒక చెక్క గ్లైడర్ తయారుచేశారు. డకోటా విమానానికి కట్టి పైకి లాక్కెళ్లి వదిలేసేవారు. ఇంజిన్ లేదు కాబట్టి రన్‌వే తప్పిందంటే మళ్లీ పైకి లేచి చుట్టు తిరిగి రావడమనేది ఉండదు. అలా రెక్కల తీరు తెలుసుకున్నాక, 1961 జూన్ 17న అసలు మారుత్‌ను మొదటిసారి పైకి లేపింది దాస్. 1964 సెప్టెంబర్ 4న పైలట్లకు శిక్షణనిచ్చే కిరణ్ ట్రైనర్ విమానాన్ని తొలిసారి ఎగరేసిందీ ఆయనే. ఏరో ఇండియా విమాన ప్రదర్శనకు యెలహంక వెళ్లి వైమానిక దళం సూర్యకిరణ్ టీమ్ విన్యాసాలకు ఏళ్ల తరబడి చప్పట్లు కొట్టాం కదా, అప్పట్లో వాళ్లు నడిపింది ఆ కిరణ్‌లే.

మారుత్‌కు శరీరం బాగా కుదిరింది, గుండే చాల్లేదు. అనుకున్న ఇంజిన్ బ్రిటన్ నుంచి రాలేదు. దాన్ని అభివృద్ధి చేయడానికి డబ్బు పెట్టడానికి మన ప్రభుత్వం ఒప్పుకోలేదు. రెండు చిన్న ఆర్ఫియస్ 703 ఇంజిన్లతో సరిపెట్టారు. ధ్వనివేగాన్ని దాటాలని గీసిన విమానం ఆ లోటుతోనే బతికింది. అయినా 147 తయారయ్యాయి. 1971 యుద్ధంలో రాజస్థాన్ సరిహద్దులో నేల మీది లక్ష్యాలను బాగానే కొట్టాయి. దాన్ని ఫెయిల్యూర్ అని ఒక్క మాటలో తీసిపారేసే వాళ్లతో నాకు పేచీ.

ఆ లోటు పూడ్చడానికే రీహీట్ ప్రయత్నం. అంటే ఇంజిన్ వెనక గొట్టంలో మళ్లీ ఇంధనం చల్లి మండించి అదనపు బలం తెప్పించడం. ఆ రీహీట్ రకం మారుత్‌ను పరీక్షిస్తూ 1970 జనవరి 10న టేకాఫ్ అయిన కొద్దిసేపటికే కూలి దాస్ చనిపోయారు. అప్పటికి యాభై ఏళ్లు నిండలేదు.

ఇంజిన్ల మీద పరిశోధన చేసే జీటీఆర్‌ఈ అడ్రస్ ఏమిటో తెలుసా? సురంజన్ దాస్ రోడ్, సి.వి. రామన్ నగర్. ఆర్ఫియస్‌కు రీహీట్ మీద పనిచేసిన సంస్థే అది. తర్వాత కావేరి ఇంజిన్ మొదలుపెట్టింది. అది మన యుద్ధవిమానం తేజస్‌కు అందలేదు, తేజస్ ఇప్పటికీ అమెరికా ఇంజిన్‌తోనే ఎగురుతోంది. ఇంజిన్ బలం పెంచే ప్రయత్నంలో ప్రాణం పోయిన మనిషి పేరున్న రోడ్డు మీదే ఆ పని ఇంకా నడుస్తోంది. ఈ సంగతి దారిన పోయేవాడికి ఎవరు చెప్పాలి?

తేజస్ అనగానే దాని రూపకల్పనకు నాయకత్వం వహించిన కోట హరినారాయణ గారు మన తెలుగువారని గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాల్సిందే. 2001 జనవరి 4న దాన్ని తొలిసారి ఎగరేసిన రాజీవ్ కోఠియాల్ పేరు ఎంతమంది నోట వస్తుంది? 2009 మార్చి 6న బిడది దగ్గర సరస్ నమూనా విమానం కూలి ఇద్దరు పైలట్లతో పాటు ఫ్లైట్ టెస్ట్ ఇంజినీర్ స్క్వాడ్రన్ లీడర్ ఇళయరాజా కూడా పోయారు. 2019 ఫిబ్రవరి 1న ఇదే హెచ్‌ఏఎల్ ఎయిర్‌పోర్టులో మిరాజ్ యుద్ధవిమాన ప్రమాదంలో టెస్ట్ పైలట్లు సమీర్ అబ్రోల్, సిద్ధార్థ నేగి చనిపోయారు. రెండ్రోజులు పేపర్లో ఫొటోలు వేశాం, తర్వాత వదిలేశాం. మీ పత్రికకూ ఇందులో వాటా ఉందని అంటే ఏమనుకోకండి.

నేను విగ్రహాలు అడగడం లేదు. విగ్రహం పెడితే ఏడాదికోసారి దండ వేసి ఫొటో దిగుతారు, అంతే. హెచ్‌ఏఎల్ మ్యూజియంలో మారుత్ ఉంది, కానీ టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లేవాళ్లకే కదా అది కనిపించేది. రోడ్డు రెండు చివరలా, బస్సు కోసం నిలబడ్డవాళ్లు చదివేంత పెద్ద అక్షరాలతో చెరో బోర్డు పెట్టండి. ముందు కన్నడలో, కింద ఇంగ్లిషులో. ఆయన పుట్టిన, పోయిన తేదీలు, ఎగరేసిన విమానాల పేర్లు, ఒక మారుత్ బొమ్మ చాలు. ఖర్చు కార్పొరేషనే భరించాలని లేదు, హెచ్‌ఏఎల్ తలుచుకుంటే అదెంత? ఈలోగా మీరు ఆదివారం సంచికలో ఒక పేజీ ఈ టెస్ట్ పైలట్లకూ ఇంజినీర్లకూ ఇస్తే, ఆ పేజీ కత్తిరించి తిప్పసంద్ర పీజీల్లో అంటించే పని నాది.

ఇట్లు,
ఒక పాత చందాదారు
న్యూ తిప్పసంద్ర, బెంగళూరు