బిల్లున్నవాడూ దొంగేనా?

సంపాదకులకు,

పోయిన ఆదివారం మీ బెంగళూరు పేజీలో చిన్న హోస్టింగ్ వాళ్ల మీద (అంటే ఇతరుల వెబ్‌సైట్లను తమ సర్వర్లలో, నెట్‌కి కలిపి ఉంచే కంప్యూటర్లలో, అద్దెకు నడిపేవాళ్ల మీద) వచ్చిన వార్త చదివాను. ఆ రోజే రాయాల్సింది. నెలాఖరు బిల్లులు, మధ్యలో ఒక సర్వర్ మొరాయించడం, వీటితో నాలుగు రోజులు పోయాయి. కోపం మాత్రం పోలేదు. 'లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్‌తో దందా' అని హెడ్డింగు, పక్కనే సంకెళ్ల బొమ్మ. ఆ బొమ్మ వేసినాయనకు ఓ దండం.

పదకొండేళ్లుగా రామమూర్తినగర్‌లో నేను చేసేది ఈ పనే. నేను, మా ఆవిడ, ఒక కుర్రాడు. మూడొందల చిల్లర వెబ్‌సైట్లు. హిందూపురం, మదనపల్లె స్కూళ్లు, కోలారులో ట్రాక్టరు స్పేర్‌పార్టుల షాపు, ఇక్కడి రెండు పెళ్లి బ్యూరోలు, ఒక తెలుగు సంఘం (వాళ్లు రెండేళ్లుగా డబ్బులివ్వలేదు, అది వేరే కథ).

ఉచితంగా దొరికే లైనక్స్ మీద నడిచే సైట్లతో పెద్ద పేచీ లేదు. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ కూడా ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, దాని లైసెన్సే అలా రాసుంది. చిక్కంతా మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ సర్వర్ దగ్గర. డబ్బు పోసి అసలు సిసలు లైసెన్సు కొన్నా అది మన సొంత పనికే. దానిమీద ఇంకొకరి సైటు పెట్టి అద్దె తీసుకుంటే ఎస్పీఎల్ఏ అని, అద్దెకిచ్చేవాళ్ల కోసం పెట్టిన వేరే ఒప్పందం మైక్రోసాఫ్ట్‌తో చేసుకోవాలి, నెలనెలా ఎంత వాడామో లెక్క పంపాలి. కొన్న బియ్యం ఇంట్లో వండుకోవచ్చు గానీ మెస్ పెడితే వేరే చీటీ కావాలన్నట్టు. ఈ ముక్క నాకు లైసెన్సు అమ్మిన డీలరు చెప్పలేదు. ఏడాదిన్నర తర్వాత ఇంకో డీలరు మాటల్లో చెబితే తెలిసింది. బిల్లుంది, జీఎస్టీ కట్టిన రసీదుంది, అయినా తప్పు నాదే. విండోస్ మీదున్న ఏడు సైట్లనీ లైనక్స్‌కి మార్చేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

మీ వార్తలో జైలు శిక్ష గురించి రాశారు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 63బి సెక్షన్ అది. ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. అంకెలన్నీ సరిగ్గానే వేశారు. దొంగ కాపీ అని తెలిసి వాడితేనే ఆ శిక్ష. ఆ 'తెలిసి' అన్న మాటనే మీ విలేకరి వదిలేశారు. ఒకప్పుడు మీ పత్రికలో సబ్ ఎడిటర్లనే వాళ్లు ఉండేవారు. ఇప్పుడు అచ్చుతప్పులు కూడా దిద్దే నాథుడు లేడు.

దొంగలు లేరని నేననను. లైసెన్సు తాళం విరగ్గొట్టిన ప్లగిన్లు (సైటుకి తగిలించే చిన్న సాఫ్ట్‌వేర్లు) ఎక్కించి, నాకంటే సగం రేటుకి నా కస్టమర్లనే ఎగరేసుకుపోయే వాళ్లను రోజూ చూస్తున్నాను. వాళ్లను పట్టుకోండి, నేనే వచ్చి చప్పట్లు కొడతాను.

నిజాయితీగా నడిపేవాడి గతేమిటో కూడా చూడండి. సర్వర్‌లో సైట్లను చూసుకునే సీప్యానెల్ అనే సాఫ్ట్‌వేర్‌కి ఒకప్పుడు సర్వర్‌కి ఇంత అని కడితే ఎన్ని ఖాతాలైనా పెట్టుకునేవాళ్లం. 2019లో ఖాతాల లెక్కన రేటు పెట్టారు. వంద దాటితే ఒక్కోదానికీ అదనం. నా మూడొందల సైట్లకు ఎంతయిందో మీరే గుణించుకోండి. పోనీ ఉచితం కదా అని సెంటాస్ 8 అనే లైనక్స్ ఎక్కిస్తే, 2029 దాకా నడుస్తుందన్నది 2021 చివరికే ఆపేశారు. డాలర్లలో కట్టే లైసెన్సు మీద 18 శాతం జీఎస్టీ, అమ్మినవాడి బదులు కొన్నవాడే కట్టే రివర్స్ చార్జి కింద, మనమే కట్టాలి. టర్నోవర్ 20 లక్షల లోపైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న వెసులుబాటు ఇక్కడ పనికిరాదు. విదేశీ సాఫ్ట్‌వేర్‌కి కట్టేది రాయల్టీయా కాదా, అంటే అందులోంచి ఆదాయపు పన్ను కోయాలా వద్దా అని ఏళ్ల తరబడి వాదించుకుంటే, చివరికి 2021 మార్చిలో సుప్రీంకోర్టు కాదని తేల్చింది. ఆదాయపు పన్ను శాఖకే అర్థం కానిది నాకు అర్థమై తీరాలట!

ఇక 2022లో, సైబర్ దాడుల సంగతి చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ ఆదేశాలు. సర్వర్‌లో ఏం జరిగిందో రాసుకునే లాగ్ ఫైళ్లు 180 రోజులు దాచాలి. వీపీఎస్ (ఒకే సర్వర్‌ని భాగాలు చేసి ఇచ్చేది) అద్దెకిస్తే కస్టమర్ వివరాలు, వాడు మానేశాక కూడా అయిదేళ్లు ఉంచాలి. దాడి జరిగినట్టు గమనిస్తే ఆరు గంటల్లో చెప్పాలి. వేల మంది ఉద్యోగులున్న కంపెనీకీ ఇదే, ముగ్గురం ఉన్న మాకూ ఇదే. చిన్నవాళ్లకు అమలు తేదీని మూడు నెలలు వెనక్కి జరిపారు, అంతే దయ.

ఐటీ రాజధాని అని మంత్రులు మైకు దొరికితే చాలు చెబుతారు. ఒక పెద్ద ఐటీ ప్రదర్శనకు రెండుసార్లు వెళ్లి, చిన్న హోస్టింగ్ వాడికి ఏమేం లైసెన్సులు కావాలో ఒక్క కాగితం ఇమ్మని అడిగాను. గుడ్డ సంచీ, పెన్ను ఇచ్చి పంపారు. అదే, రూల్ ప్రకారం మా షాపు బోర్డు మీద కన్నడం 60 శాతం ఉందో లేదో చూడటానికి మాత్రం వెంటనే మనిషొస్తాడు. (ఉంది. మొదటి నుంచీ ఉంది.)

మీ వార్త చదివి హిందూపురం స్కూలు హెడ్మాస్టర్ గారు మొన్న ఫోన్ చేశారు. "ఏం బాబూ, మన సైటు కూడా దొంగదేనా? పిల్లల రిజల్ట్స్ అందులోనే ఉన్నాయి కదా" అని అడిగారు. ఆయనకు చూపించడానికి ఈ ఉత్తరం, కనీసం సగమైనా, అదే పేజీలో వేయండి. సంకెళ్ల బొమ్మ లేకుండా.

ఇట్లు,
పేరు వేయవద్దని కోరుతున్న ఒక చందాదారు,
రామమూర్తినగర్, బెంగళూరు