లోపల రంగులు వేసి, బయట పని వదిలేశారు: వాటర్‌ప్రూఫింగ్ కంపెనీకి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
వాటర్‌ప్రూఫింగ్ విభాగం

విషయం: విశాఖపట్నం ఆరిలోవలోని మా ఇంటి కింది గదికి మీరు చేసిన వాటర్‌ప్రూఫింగ్ విఫలం కావడం, బిల్లులో ఉన్న బయటి పని చేయకపోవడం గురించి.

అయ్యా,

మా ఇల్లు కొండవాలు మీద ఉంది. రోడ్డు వైపు నుంచి చూస్తే కింది గది మామూలు గ్రౌండ్ ఫ్లోరులాగే కనిపిస్తుంది. వెనక గోడ మాత్రం ముప్పాతిక ఎత్తు వరకు మట్టిలోనే ఉంటుంది. వానాకాలంలో ఆ గోడ నుంచి ఊట దిగుతోందనే కిందటి ఏడాది ఏప్రిల్‌లో మీ కంపెనీని పిలిచాం. మీ సైట్ ఇంజనీర్ గారు వచ్చి గోడ తట్టి చూశారు, తేమ కొలిచే మీటరు పెట్టి చూశారు, ఇంటి వెనక్కి వెళ్లి కొండ వాటం కూడా చూశారు. నీళ్లు పైనుంచి మట్టిలో దిగి గోడ వెనక నిలుస్తున్నాయని, బయటివైపు కట్టడి చేయకుండా లోపల ఏం చేసినా నిలవదని ఆయనే మాకు చెప్పారు. రూ. 1,85,000 కొటేషన్‌లో దాదాపు సగం, అంటే రూ. 92,000, బయటి పనికే రాశారు. పునాది దాకా తవ్వడం, గోడకు నీళ్లు చొరనివ్వని మెంబ్రేన్ షీటు అతికించడం, అడుగున రంధ్రాల పైపు వేసి చుట్టూ కంకర నింపి, ఆ నీటిని రోడ్డు పక్క కాలువలోకి మళ్లించడం అందులో ఉన్నాయి. ఈ మొత్తానికి ఏడేళ్ల వారంటీ కార్డు ఇచ్చారు.

పని మొదలయ్యాక జరిగింది వేరు. లోపలి పని చేశారు. గోడకూ ఫ్లోరింగ్‌కూ మధ్య ఉన్న జాయింటులో రంధ్రాలు వేసి కెమికల్ ఎక్కించారు, కోటింగ్ రెండుసార్లు పూశారు, దానిమీద పుట్టీ, రంగు వేశారు. బయట మాత్రం మోకాలి లోతు తవ్వి, గోడకూ ప్రహరీకీ మధ్య జాగా చాలదని మళ్లీ మట్టి కప్పేశారు. మెంబ్రేన్ లేదు, పైపు లేదు, కంకర లేదు. లోపల కోటింగ్ గట్టిగా వేశాం కాబట్టి బయట అక్కర్లేదని మీ సూపర్‌వైజర్ గారు అన్నారు. ఫైనల్ బిల్లులో మాత్రం ఆ రూ. 92,000 అలాగే ఉంది. ఆ డబ్బు మీకు ముట్టింది కూడా.

ఇప్పుడా గది ఎలా ఉందో చెబుతాను. ఈ ఏడాది వానలు మొదలైన కొద్ది రోజులకే వెనక గోడ స్కర్టింగ్ మీద తెల్లటి పొడి తేలింది. వేలితో రాస్తే ఉప్పులా రాలుతోంది. తర్వాత మీరు వేసిన రంగు అక్కడక్కడా పూరీలా పొంగింది. ఒకచోట గోరుతో గీరితే లోపలి నుంచి నీళ్లు కారాయి, పుట్టీ ముద్దగా ఊడి వచ్చింది. దాని వెనక ప్లాస్టరింగ్ మీద పాత బూజు అలాగే ఉంది. గీకి శుభ్రం చేయకుండా దానిమీదే కోటింగ్ వేశారన్నమాట. ఇక కొత్త బూజు గోడ మూలల్లో నల్లటి చుక్కలుగా మొదలై, బీరువా వెనక జానెడు మేర అట్టలా కట్టింది. తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన. అగరొత్తులు వెలిగించినా పోదు.

ఆ గదిలో నేను మగ్గం వర్క్ చేయిస్తాను. పెళ్లిళ్ల సీజన్‌లో నలుగురు ఆడపిల్లలు నేల మీద ఫ్రేముల చుట్టూ కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం వరకు కుట్టేది అక్కడే. జర్దోసీ తీగ చెమ్మకు నల్లబడుతోంది. శ్రావణంలో ఇవ్వాల్సిన ఒక పట్టు బ్లౌజు ముక్క మీద బూజు మచ్చ పడింది. డ్రై క్లీనింగ్‌కి ఇచ్చినా పోలేదు. ఆ బ్లౌజు పెళ్లికూతురిది. కొత్త పట్టు కొని, చేసిన పని మొత్తం మళ్లీ చేయించి ఇచ్చాను. డబ్బు ఎలాగో సర్దుకోవచ్చు. వాళ్ల అమ్మగారి ముందు నిలబడి ఆ ముక్క చూపించాల్సి రావడం నా జీవితంలో మర్చిపోలేను. నా దగ్గర పనిచేసే అమ్మాయిల్లో ఒకరికి చిన్నప్పటి నుంచి ఆయాసం ఉంది. ఈ వానల్లో ఆ అమ్మాయికి పిల్లికూతలు ఎక్కువయ్యాయి, చెమ్మ గదిలో కూర్చోవద్దని డాక్టరు గారు చెప్పారు. ఇంట్లో చెమ్మ, బూజు ఉంటే శ్వాసకోశ వ్యాధులు, ఆస్తమా ఇబ్బంది పెడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే ప్రత్యేకంగా మార్గదర్శకాలు ఇచ్చింది. కాబట్టి దీన్ని రంగు చెడిపోయిన సమస్యగా మీ ఫైల్లో రాసుకోవద్దని కోరుతున్నాను.

నేను చాలాసార్లు ఫోన్ చేశాక మీ టెక్నీషియన్ వచ్చి, ఫోటోలు తీసుకుని, "విశాఖలో సముద్రపు గాలి కదమ్మా, గాలిలో తేమ గోడకు పడుతోంది, ఇది వారంటీలోకి రాదు" అని రాసి వెళ్లిపోయారు. ఈ ఊళ్లో గాలి తేమగా ఉంటుందన్నది నిజమే. నేను ఇక్కడే పుట్టి పెరిగాను, ఆ సంగతి నాకు తెలుసు. అయితే గాలి తేమే కారణమైతే నాలుగు గోడలూ ఒకేలా చెమర్చాలి కదా? రోడ్డు వైపు గోడ పొడిగా ఉంది. పక్క గోడలు మట్టికి తగలని మేరా పొడిగానే ఉన్నాయి. తడి అంతా వెనక గోడకే ఉంది, అదీ బయట మట్టి ఎంత ఎత్తుందో సరిగ్గా అంతవరకే. టేపు పెట్టి కొలిచి, గీత గీసి ఫోటో తీశాను. ఇంకో మాట. పెద్ద వాన పడిన రోజున గోడ అంతగా తడవదు. మర్నాడో ఆ మర్నాడో తడుస్తుంది. బయట ఎండ కాస్తున్నా తడుస్తూనే ఉంటుంది. కొండ మీది ఎర్రమట్టిలోంచి నీళ్లు దిగి రావడానికి ఆ మాత్రం సమయం పడుతుంది. గాలికి అలాంటి ఆలస్యం ఉండదు.

అయినా మీకు అనుమానం ఉండకూడదని, మేస్త్రీలు చేసే ఒక పరీక్ష కూడా చేశాను. గోడను పొడి బట్టతో తుడిచి, వంటింటి అల్యూమినియం ఫాయిల్ ముక్కను నాలుగు పక్కలా టేపుతో గాలి చొరకుండా అతికించి రెండు రోజులు వదిలేశాను. గాలిలో తేమ అయితే ఫాయిల్ పైవైపు చెమ్మ పట్టాలి. గోడలోంచి వస్తుంటే వెనకవైపు పట్టాలి. పైవైపు పొడిగా ఉంది. టేపు లాగితే వెనక నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు జారాయి. దాని వీడియో ఈ లేఖతో పంపుతున్నాను. మీ మీటరు రీడింగు ఎంత వచ్చిందో మాత్రం మీ టెక్నీషియన్ రిపోర్టులో రాయలేదు. ఎందుకు రాయలేదో చెప్పండి.

గోడ వెనక ఒక మీటరు ఎత్తున నీళ్లు నిలిస్తే, అడుగున ప్రతి చదరపు మీటరు మీద దాదాపు ఒక టన్ను ఒత్తిడి పడుతుంది. ఆ నీటికి బయటికి పోయే దారి లేకపోతే, లోపల ఎన్నిసార్లు కోటింగ్ పూసినా అది పూతను వెనక నుంచి నెట్టేస్తుంది. ఇది మీకు నేను చెప్పాల్సిన విషయం కాదు. మీ ఇంజనీర్ గారే మొదటి రోజు మాకు బొమ్మ గీసి చూపించారు.

ఇప్పుడు మీ ఆఫీసు చెబుతున్న పరిష్కారం, ఇంకో రూ. 60,000 కడితే వెనక గోడంతా పీవీసీ ప్యానెల్స్ కొడతామని. దీనికి నేను ఒప్పుకోను. ప్యానెల్ వెనక గాలి ఆడదు, తడి ఆరదు, బూజు అక్కడ ఇంకా హాయిగా పెరుగుతుంది. మాకు కనిపించదంతే. కనిపించని బూజు పక్కన ఆ పిల్లల్ని కూర్చోబెట్టలేను. కిటికీలు తెరిచి ఉంచమన్న సలహా కూడా పనికిరాలేదు. బయట గాలే తేమగా ఉన్న రోజుల్లో కిటికీ తెరిస్తే గది ఎలా ఆరుతుంది?

నేను అడుగుతున్నది కొత్తగా ఏదో చేయమని కాదు, డబ్బు తీసుకున్న పని చేయమని. అక్టోబరు వచ్చిందంటే మా తీరానికి తుఫాన్ల కాలం. 2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న ఈ ఊరి మీదే తీరం దాటింది. కాబట్టి సెప్టెంబరు లోపల వెనక తవ్వకం, మెంబ్రేన్, పైపు, కంకర కొటేషన్‌లో ఉన్నట్టే పూర్తి చేయండి. ప్రహరీ అడ్డమని మళ్లీ అంటే, ఆ ప్రహరీ మాదే, కావాల్సిన మేర తీయించి ఇస్తాం. ఈ మాట అప్పుడే మీ సూపర్‌వైజర్ గారికి చెప్పాం కూడా. బయటి పని అయ్యి గోడ పూర్తిగా ఆరాకే లోపలి ప్లాస్టరింగ్ తడిసిన మేర చెక్కించి, బూజు శుభ్రం చేయించి, మళ్లీ చేయించాలి. తడి గోడ మీద రంగు వేయనివ్వను. ఆ పని చేయడం మీ వల్ల కాదంటే రూ. 92,000 వెనక్కి ఇవ్వండి, నేను వేరే వాళ్లతో చేయించుకుంటాను. పాడైన పట్టుకూ, మళ్లీ చేసిన వర్క్‌కూ అయిన ఖర్చు బిల్లులు పంపుతున్నాను, అది రెండు సందర్భాల్లోనూ మీరే భరించాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో మీ ఇంజనీర్ గారిని పంపి, మీటరు రీడింగులతో సహా రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. ఫోన్లో ఇచ్చే హామీలు ఇక తీసుకోను. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేసి, వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద సేవాలోపంగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. మీ హెడ్ ఆఫీసు ఏ ఊళ్లో ఉన్నా నేనున్న జిల్లాలోనే వేసే వీలు ఆ చట్టంలో ఉంది. ఇంత మొత్తానికి ఫీజు కూడా ఉండదు. కేసు వేయడానికి ఉన్న రెండేళ్ల గడువు ఇంకా దాటలేదు. కొటేషన్, ఫైనల్ బిల్లు, వారంటీ కార్డు నకళ్లు, మోకాలి లోతు దగ్గర ఆపేసిన గుంట ఫోటో (తేదీతో సహా) జతచేశాను.

ఇంజనీర్ గారు ఏ రోజు వచ్చినా సరే. ముందురోజు చెబితే బీరువా జరిపించి, గోడ ఖాళీగా ఉంచుతాను.

ఇట్లు,
మీ కస్టమర్,
ఆరిలోవ, విశాఖపట్నం