పాత పద్ధతి అంటే ఎవరికి పాత?

సంపాదకులు గారికి,

ఎంబీబీఎస్ సీట్ల కోసం రాసే నీట్ పరీక్ష మళ్లీ పాత పద్ధతిలోకి వెళ్తోందని ఈ 2025 జనవరి నెలాఖరులో మీ పత్రిక లోపలి పేజీలో ఓ మూల వేశారు. ఆ రోజే రాద్దామని కూర్చున్నాను గానీ, ఈలోగా దరఖాస్తులు మొదలై కొట్లో ఊపిరి తీసుకునే తీరిక లేకపోయింది. నాది విజయవాడ సత్యనారాయణపురంలో జిరాక్స్ షాపు. మా అమ్మాయి లాంగ్‌టర్మ్, అంటే ఇంటర్ అయ్యాక మళ్లీ నీట్ కోసమే ఏడాది కోచింగ్, చదువుతోంది. కాబట్టి ఈ మార్పు దెబ్బ నాకు ఇంట్లోనూ తగిలింది, కొట్లోనూ తగిలింది.

సంగతి అందరికీ తెలిసిందే. నిన్నమొన్నటి దాకా ఫిజిక్స్, కెమిస్ట్రీ, బాటనీ, జువాలజీ ఒక్కోదాంట్లో 50 ప్రశ్నలిచ్చి 45 రాయమనేవారు. మొత్తం 200లో 180. సమయం మూడు గంటల ఇరవై నిమిషాలు. ఇప్పుడు ఛాయిస్ లేదు, ఆ ఇరవై నిమిషాలూ లేవు. 180 ప్రశ్నలకి 180 నిమిషాలు. కోవిడ్ కోసం ఇచ్చిన వెసులుబాటు గనక తీసేస్తున్నారట. కోవిడ్ పోయిన సంగతి ఈ పరీక్ష పెట్టే నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ వారికి ఈ జనవరి 25నే తెలిసినట్టుంది.

అయిదు ప్రశ్నల ఛాయిస్ పోతే ఏం మునిగిపోయింది అనేవాళ్లు ఒక ఆదివారం మోడల్ టెస్ట్ రాసే పిల్లల పక్కన కూర్చుని చూడాలి. మా అమ్మాయికి ఫిజిక్స్‌లో రొటేషనల్ మోషన్ కొరకరాని కొయ్య. ఛాయిస్ ఉండే సెక్షన్ బీలో 15 ఇస్తే 10 రాస్తే చాలు గనక, అలాంటిది కనపడగానే పక్కన చిన్న చుక్క పెట్టి ముందుకు వెళ్లిపోవడం మూడో ఏడాదిగా సాధన చేస్తోంది. తప్పు రాస్తే ఒక మార్కు కోసేసే పరీక్షలో ఏది వదిలేయాలో తెలియడం కూడా చదువే. ఆ చదువు ఇప్పుడు ఎందుకూ పనికిరాదు. పైగా టైమ్ ఒకటి. జవాబులు దిద్దే ఓఎంఆర్ షీటు మీద ఒక్క బబుల్ (చిన్న సున్నా) నిండుగా నింపడానికి మూడు నాలుగు సెకన్లు పడుతోంది. నేను గోడ గడియారం చూసి లెక్కపెట్టాను. 180 బబుల్స్‌కి పది నిమిషాలు అక్కడే హారతి కర్పూరం. మిగిలినదాంట్లో ప్రశ్న చదవాలి, లెక్క చెయ్యాలి, చెమట తుడుచుకోవాలి. మే నెల, మధ్యాహ్నం రెండింటికి, బెజవాడ ఎండలో.

మా ఇల్లు సింగ్‌నగర్‌లో. పోయిన సెప్టెంబరులో బుడమేరు వాగు వరద ఇంట్లోకి వచ్చినప్పుడు బీరువా సంగతి వదిలేసి ముందు పిల్ల పుస్తకాలు అటక మీదకి విసిరాం. అయినా మంచం కింద అట్టపెట్టెలో ఉన్న మోడల్ పేపర్లన్నీ ముద్దయిపోయాయి. నీళ్లు తీశాక మా వీధిలో ఏ పిట్టగోడ చూసినా ఆరబెట్టిన బయాలజీ పుస్తకాలే. ఆ పిల్లలకి కాగితం ఖరీదు మాత్రం తీసుకుని 200 ప్రశ్నల పేపర్లు, 200 బబుల్స్ ఉన్న ఓఎంఆర్ షీట్లు మళ్లీ కొట్టిచ్చాను. సంక్రాంతి తర్వాత గ్రాండ్ టెస్టులు ఉంటాయి కదా అని మరో పది కట్టలు ముందే కొట్టి పెట్టాను. బుడమేరు ముంచగా మిగిలింది ఢిల్లీ వాళ్లు ముంచారు.

180 ప్రశ్నల పరీక్ష తప్పని నేననను. 2020 దాకా పిల్లలు అలాగే రాశారు, డాక్టర్లయ్యారు. నా గొడవ తేదీతో. ఇదే ఏజెన్సీ జేఈఈ మెయిన్‌లో ఛాయిస్ తీసేస్తున్నట్టు అక్టోబరులోనే చెప్పింది. ఇంజినీరింగ్ పిల్లలకి అక్టోబరులో చెప్పగలిగిన మాట మెడికల్ పిల్లలకి జనవరి ఆఖరు దాకా దాచి పెట్టడం దేనికి? పరీక్ష మే 4న. నికరంగా మూడు నెలలు. అందులో ఇంటర్ పబ్లిక్ పరీక్షలు ఒక నెల తినేస్తాయి. దీనికి ‘పాత పద్ధతి’ అని పేరొకటి. 2021లో ఛాయిస్ వచ్చినప్పుడు ఇప్పటి ఇంటర్ పిల్లలు తొమ్మిదో తరగతి. వాళ్లకి తెలిసిన పద్ధతి అదొక్కటే. అధికారులకి పాతదైతే పిల్లలకి పాతదవుతుందా?

జనవరి ఒక్క నెలలో ఎన్ని మాటలు మార్చారో నేను కౌంటర్ దగ్గర నిలబడి చూశాను. ఆధార్‌లో పేరు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉండాలన్నారు. మన పిల్లలకి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఉంటుంది. తల్లులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆధార్ సెంటర్ల ముందు క్యూ కట్టారు. విద్యార్థులకిచ్చే అపార్ ఐడీ నంబరు వాడమన్నారు. దానికోసం కాలేజీల చుట్టూ తిరిగాక, తప్పనిసరి కాదులెండి అన్నారు. పరీక్ష కంప్యూటర్ మీదా, కాగితం మీదా అన్నది ఆర్నెల్లు నానబెట్టి జనవరి 16న కాగితమే అన్నారు. ఇప్పుడు దరఖాస్తులో పోస్టుకార్డు సైజు ఫొటో, పది వేళ్ల ముద్రలు. నా కొట్లో స్టాంపు ప్యాడ్ మీద వేళ్లు అద్ది, ఒక వేలిముద్ర అలికిపోతే మళ్లీ కాగితం మార్చి, స్కాన్ చేసి, వాళ్లు చెప్పిన కేబీల్లోకి కుదించేసరికి ఒక్కొక్కరికి అరగంట. బీసీ పిల్లలకి 1600 రూపాయల ఫీజు కట్టాక సైట్ తిరుగుతూనే ఉంటుంది. డబ్బు కట్ అయిందా లేదా అని తండ్రులు నా మొహం చూస్తారు, నేనేదో ఏజెన్సీ మనిషినన్నట్టు.

ఇంత పకడ్బందీగా పది వేళ్ల ముద్రలు తీసుకునే వాళ్లు పోయినేడు ఏం చేశారో మరిచిపోయామా? 67 మందికి 720కి 720. 1,563 మందికి గ్రేస్ మార్కులు, వాటిని మళ్లీ వెనక్కి తీసుకుని రీటెస్టు. ఫలితాలు జూన్ 14న అని చెప్పి జూన్ 4న, దేశమంతా ఓట్ల లెక్కింపు చూస్తున్న రోజున వదిలారు. పాట్నా, హజారీబాగ్‌లో పేపర్ బయటికి వచ్చిందని సుప్రీంకోర్టే తేల్చింది. పరీక్ష రద్దు చెయ్యకపోయినా, ఇలా ఊగిసలాడటం మానుకోమని ఏజెన్సీకి గడ్డి పెట్టింది. అది ఆగస్టు మాట. మానుకున్నది ఇదన్నమాట! ఎక్కడో లీకేజీ జరిగితే ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు ఇక్కడి పిల్లల మీద పడుతోంది.

నీట్ రాకముందు, మెడికల్ సీట్లకి రాష్ట్రమే పరీక్ష పెట్టిన ఎంసెట్ రోజుల్లో మంత్రిగారు పొద్దున్నే టీవీలో చీటీ తీసి సెట్ కోడ్ చెప్పేవారు. 160 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పుకి కోత లేదు. ఎంసెట్ కడిగిన ముత్యమని కాదు, 2016లో తెలంగాణలో లీకై మళ్లీ పెట్టారు. కానీ ఏదైనా తేడా వస్తే అడగడానికి హైదరాబాద్‌లో ఒక ఆఫీసు, ఒక కన్వీనర్ ఉండేవారు. ఇప్పుడు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే హిందీలో పాట.

మన రాష్ట్రం వాళ్లేమన్నా నోరు విప్పారా అంటే అదీ లేదు. హెల్త్ యూనివర్సిటీ ఈ ఊళ్లోనే ఉంది. దాని బోర్డు మీద పేరు 2022లో మారింది, 2024లో మళ్లీ వెనక్కి మారింది. ఆ శ్రద్ధలో పావు వంతు పిల్లల పరీక్ష మీద పెట్టి ఢిల్లీకి ఒక ఉత్తరం రాసి ఉంటే బాగుండేది. 2023లో కొత్తగా పెట్టిన ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లోనే ఏడాదికి 12 లక్షల సీటు, 20 లక్షల సీటు పెట్టారు. అది కొనలేం గనకే మా అమ్మాయి తక్కువ ఫీజుకి వచ్చే కన్వీనర్ సీటు కొద్దిలో తప్పిపోయి మళ్లీ పుస్తకం పట్టుకుంది. లాంగ్‌టర్మ్ ఫీజు మొత్తం ముందే కట్టించుకున్న కాలేజీ వారు కూడా కొత్త పద్ధతి మెటీరియల్‌కి విడిగా డబ్బులడిగారు. వాళ్ల పేరు రాయను, పిల్ల ఇంకా అక్కడే చదవాలి.

అడిగేది ఒక్కటే. పరీక్షలో ఏం మార్చాలన్నా జూన్‌లో, ఇంటర్ క్లాసులు మొదలయ్యేలోపు చెప్పండి. ఆ తేదీ దాటితే మరుసటి ఏడాదికే. ఈ ఏడు ఎలాగూ ఆగరని తెలుసు. కనీసం ఆ ఇరవై నిమిషాలైనా వదిలిపెట్టమని మన ఎంపీలు అడగొచ్చు.

దరఖాస్తులకి మార్చి 7 ఆఖరు. అప్పటిదాకా రాత్రి పదింటి వరకు కొట్టు తీసే ఉంటుంది. 200 బబుల్స్ షీట్లు పది కట్టలు అలాగే ఉన్నాయి. వెనకవైపు తెల్లగానే ఉంది, లెక్కలు చేసుకోవడానికి పనికొస్తాయి. కావలసిన పిల్లలు వచ్చి పట్టుకెళ్లవచ్చు, డబ్బులు అక్కర్లేదు.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు యజమాని,
సత్యనారాయణపురం, విజయవాడ.
(పేరు వెయ్యవద్దని మనవి)