చేపను రాత్రంతా నానబెట్టకండి

సంపాదకులకు నమస్కారం.

చలి మొదలైతే చాలు, మన విజయవాడ, గుంటూరు వాళ్లకి తోటల మీదికి మనసు పోతుంది. కార్తీకంలో ఉసిరి చెట్టు కింద పులిహోర, గుత్తి వంకాయ ఎలాగూ ఉంటాయి. ఆ నెల దాటిందో లేదో కుర్రకారు బొగ్గుల కుంపటి, చీకుల చువ్వలు కారులో వేసుకుని బయల్దేరుతున్నారు. ఇన్నాళ్లూ చికెనే ఉండేది, ఈమధ్య సాల్మన్ కూడా కనిపిస్తోంది. నాకు చాలా సంతోషం, ఎందుకంటే ఆరుబయట చేసుకోవడానికి చేప చీకులంత తేలికైన వంట ఇంకొకటి లేదు. కానీ అంత డబ్బు పోసి కొన్న చేపను పాడుచేస్తున్న తీరు చూస్తే ప్రాణం ఉసూరుమంటోంది. అందుకే ఈ ఉత్తరం.

అన్నింటికన్నా పెద్ద తప్పు రాత్రంతా నానబెట్టడం. ఫోన్లలో తిరిగే వంటల వీడియోలు చూసి, ముందు రోజు సాయంత్రమే నిమ్మరసం, మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టేస్తున్నారు. అది మటన్‌కి చెల్లుతుంది. చేప కండ సున్నితం, పులుపు తగిలితే నిప్పు మీద పెట్టకముందే పైపొర తెల్లబడి ఉడికినట్టయిపోతుంది, చువ్వకి గుచ్చబోతే పొడిపొడిగా రాలిపోతుంది. నూనె, దంచిన వెల్లుల్లి, మిరియాల పొడి, ఉప్పు, చిటికెడు పసుపు పట్టించి అరగంట ఉంచండి, నిమ్మకాయ మాత్రం కాల్చి దించాక పిండుకోండి. గుంటూరు కారం మీద నాకూ ప్రేమే, అయినా ఇక్కడ అర చెంచా దాటనివ్వద్దు. కారం నిప్పుల మీద మాడితే చేదెక్కుతుంది, ఆ ఘాటుకి చుట్టూ ఉన్నవాళ్లంతా దగ్గలేక చస్తారు. తేనె, పంచదార కలిపినా మాడేది మాడేదే.

ముక్కలు అంగుళం పైన ఉండాలి, అన్నీ ఒకే సైజులో ఉండాలి. చర్మం తీయకండి, ముక్క విడిపోకుండా పట్టుకునేది అదే. కోసే ముందు కండ మీద వేలు పెట్టి రాస్తే సన్న ముళ్లు తగులుతాయి, పట్కారుతో లాగెయ్యొచ్చు. వెదురు పుల్లలైతే అరగంట నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే చేప కన్నా ముందు అవే అంటుకుంటాయి. ఒక్క పుల్లకి గుచ్చితే తిప్పినప్పుడు పుల్ల తిరుగుతుంది గానీ ముక్క తిరగదు, అందుకని రెండు పుల్లలు పక్కపక్కనే గుచ్చండి.

ఇక నిప్పు సంగతి. మొన్న నూజివీడు వైపు ఒక మామిడి తోటలో మా తోడికోడలి కొడుకు బొగ్గులు రాజేసి, మంట ఇంకా జానెడు లేస్తుండగానే చువ్వలు పెట్టేశాడు. "కాసేపు ఆగరా" అంటే "మంట ఉంటేనే కదా పెద్దమ్మా కాలేది" అన్నాడు. సాల్మన్‌లో కొవ్వు ఎక్కువ. అది కరిగి బొట్లు బొట్లుగా బొగ్గుల మీద పడ్డకొద్దీ మంట ఇంకా ఎగిసింది, ముక్కలు పైన మసిబారి మధ్యలో పచ్చిగా మిగిలాయి. తర్వాత వాడే విసనకర్ర పక్కన పడేసి పావుగంట ఆగాడు, నివురుగప్పిన నిప్పు అంటాం చూడండి, బొగ్గులు ఆ స్థితికి వచ్చాక రెండో వాయి పెట్టాడు. రెండు మూడు నిమిషాలకోసారి తిప్పుతూ పది నిమిషాల్లోపే దించేశాడు. వేలితో నొక్కితే కండ పొరలు పొరలుగా విడింది, లోపల ఇంకా తడిగానే ఉంది. ముక్క మీద తెల్లటి నురగలాంటిది గడ్డకట్టి ఎక్కువగా కనిపిస్తోందంటే సెగ ఎక్కువైందని అర్థం, వెంటనే దించెయ్యాలి. థర్మామీటర్ ఉంటే ముక్క మధ్యలో 63 డిగ్రీలు చూసుకోండి.

మన ఎండల్లో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. గడ్డకట్టిన సాల్మన్‌ని ఎండలో పెట్టి కరిగించకూడదు, ముందు రాత్రి ఫ్రిజ్ కింది అరలోకి మార్చి తెల్లారి ఐస్ డబ్బాలో తీసుకెళ్లాలి. 32 డిగ్రీలు దాటిన వేడిలో పచ్చి చేప గంటకు మించి బయట ఉండకూడదు. చేప నానిన మసాలాని కాలిన ముక్కల మీద పోసేవాళ్లని చూశాను, అది పచ్చి చేప నీరు, దయచేసి పారబోయండి.

అన్నట్టు, సాల్మనే కావాలని పట్టు పట్టాల్సిన పనిలేదు. అది చల్లటి సముద్రాల చేప, పెంపకంలో నార్వే ముందుంది, అక్కడి నుంచి ఐస్‌లో ఇంత దూరం వస్తుంది కాబట్టే ఆ ధర. కొన్నిచోట్ల ఇండియన్ సాల్మన్ అని అమ్మేది మన మాగ, దానికీ దీనికీ చుట్టరికం లేదు, ధర చూసుకుని కొనండి. అయితే మాగ తక్కువ చేపేమీ కాదు. మన కృష్ణా జిల్లా చెరువుల్లో పెరిగే పండుగప్ప అయితే చీకులకి ఇంకా బాగుంటుంది, కండ గట్టిగా ఉండి చువ్వ మీద నిలుస్తుంది. వీటిలో సాల్మన్ అంత కొవ్వు ఉండదు, కాలుతున్నప్పుడు రెండుసార్లు నూనె రాస్తే చాలు. బొచ్చె, శీలావతి మాత్రం పులుసుకే ఉంచండి, వాటి కండలోపలే సన్న ముళ్లు ఉంటాయి, పిల్లలు తినే చోట చీకులకి పనికిరావు.

చివరిగా కార్పొరేషన్ వారికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. తోట ఉన్నవాళ్లు తోటకి పోతారు, లేనివాళ్లు కృష్ణ ఒడ్డుకే కదా వచ్చేది. నది పక్కన పార్కుల్లో ఒక మూల నాలుగు సిమెంటు దిమ్మెలు, ఒక నీళ్ల కుళాయి, బూడిద వేయడానికి ఇనుప డ్రమ్ము పెట్టించి, చిన్న రుసుముతో కుటుంబాలకి ఇవ్వండి. ఇప్పుడైతే తిన్నాక రగులుతున్న బొగ్గుల్ని అలాగే ఇసుకలో కప్పెట్టి పోతున్నారు. పైకి ఏమీ కనిపించదు, లోపల గంటల తరబడి నిప్పు ఉంటుంది, అక్కడే పిల్లలు చెప్పుల్లేకుండా ఆడుకుంటారు. ఆ ఏర్పాటు జరిగేదాకా వెళ్లేవాళ్లు ఒక బకెట్ నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చల్లారాయని చూసుకున్నాకే లేవాలని కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ